ఐదు లెక్కపెట్టే దాకా

"నేను పోను. పోను అంటే పోను. నా పేరు కొట్టేసుకో."

పొద్దున లేచిన దగ్గర్నుంచి కిష్టమ్మ ఈ మాట అనడం నాలుగోసారి. మొదటిసారి నీళ్ళ డ్రమ్ముకు చెప్పింది. రెండోసారి గ్యాసు పొయ్యికి. మూడోసారి గోడ మీద ప్రభువు బొమ్మ ఉన్న క్యాలెండరుకు. కోడలి ముఖం మీద అనడం ఇదే మొదలు.

నిరోష రెండు టిఫిను డబ్బాల్లో పులిహోర సర్దుతోంది. చెయ్యి ఆపలేదు, వెనక్కి తిరగలేదు.

"నీ పేరు కొట్టేస్తే సెంటరు కొట్టేసినట్టే అత్తా."

"ఐతే గానియ్యి. నా ఇజ్జత్ పోయినంక సెంటరుంటే ఏంది, లేకుంటే ఏంది."

అంటూ కిష్టమ్మ నడుముకు ఒడిగుడ్డ బిగించింది. ఒడిగుడ్డ కట్టిందంటే చేనికి పోతున్నట్టు లెక్క. నిన్న వనపర్తికి కట్టుకెళ్ళిన వంగపండు రంగు చీర మంచం మీద చుట్టచుట్టుకుని పడి ఉంది. కిష్టమ్మ చీర మడత పెట్టకుండా వదిలేసిందంటే ఆ ఇంట్లో సంగతి ఎంతదాకా వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

మానవపాడులో ఆ సెంటరు మొదలై మూడేళ్ళయింది. బడి విడిచాక, చేల నుంచి తల్లులు వచ్చే దాకా, ముప్ఫైమంది పిల్లలను కూర్చోబెట్టి, ఇన్ని ఉడికించిన శనగలు పెట్టి, చదివించి, ఆడించి పంపే చోటది. నడిపే ట్రస్టువాళ్ళది ఒకటే నియమం. సెంటరుకు ఇద్దరుండాలి, ఇద్దరూ వాళ్ళ మూడు పూటల శిక్షణ తీసుకున్నవాళ్ళయి ఉండాలి. నిరోష శిక్షణ పోయినేడే అయిపోయింది. ఆమెతో పాటు ఉన్న అమ్మాయి పెళ్ళి చేసుకుని నాగర్‌కర్నూలు వెళ్ళిపోయింది. రెండో మనిషి కోసం ఊరంతా తిరిగి, ఎవరూ దొరక్క, నిరోష అత్త పేరు రాసేసింది. ఐదు చదివినా చాలన్నారు, పిల్లలను పట్టుకుని కూర్చోబెట్టే మనిషి కావాలన్నారు. నిన్న మొదటి పూట, నిరోషే తోడు పోయింది. ఈరోజు రెండోది. రేపటితో మూడూ పూర్తి కాకపోతే వచ్చే నెల నుంచి సెంటరుకు తాళం.

"అసలు నన్నడగకుండ నా పేరెట్ల రాస్తివి?" కిష్టమ్మ అసలు పుండు దగ్గరికి వచ్చింది.

"అడిగితే వద్దంటవని తెల్సు."

"అడిగినవా?"

నిరోష డబ్బా మూత నొక్కింది. "లే."

"మరి."

వెంకటన్న గడప మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పాతికేళ్ళు ఊరుకాని ఊళ్ళలో కాలువలు తవ్వి మోకాళ్ళు అరగదీసుకొచ్చిన మనిషి. అత్తాకోడళ్ళ మధ్య మాట పెట్టకూడదన్న తెలివి ఉన్నవాడే గానీ, రాత్రి నుంచి కడుపుబ్బరంగా ఉంది పాపం, ఏం జరిగిందో తెలియక.

"ఇంతకు గాడ ఏమయిందో ఒక్కలన్న చెప్పుండ్రి. నిన్నటి సంది ఇద్దరు మూతులు ముడుచుకొని తిరగవట్టిరి."

"నీ కోడలినే అడుగు."

నిరోష ఇక ఇటు తిరిగింది. "మేడం అందరికీ ఒకటే పనిచ్చింది మామా. పిల్లలను ఒక ప్రశ్న అడగాలె. అడిగి మనసుల ఐదు లెక్కపెట్టాలె. అంతదాక నోరు మెదపొద్దు. మిగిలిన టీచర్లే పిల్లల లెక్క కూసుంటరు."

"గంతేనా? గదేం పని."

"అత్త అడిగింది, ఇయ్యాల బడిల ఏం చెప్పిండ్రు అని. అడిగి, 'ఏం చెప్తరు తియ్, ఏం చెప్పరు' అని తనే అన్నది."

వెంకటన్న గ్లాసులోకి చూశాడు.

"మేడం మళ్ళ చెయ్యమన్నది. గద్వాల పిల్ల ఒకామె ఉన్నది, సుహాసిని అని. సప్పుడు చెయ్యకుండ కూసున్నది, పాపం, ఆమెకు ఇచ్చిన పని గదే. అత్త ఒకటి అని లెక్కపెట్టిందో లేదో, ఆ పిల్ల భుజం మీద ఒక్కటి చరిచి..."

"చరిచి?"

"'ఏందే, మూతి కుట్టుకున్నవా, కానియ్యి కానియ్యి, పొద్దు పోతున్నది' అన్నది."

వెంకటన్నకు టీ ముక్కులోకి పోయింది. నవ్వు ఆపుకుందామని చూశాడు, భుజాలు ఆగలేదు. నిన్న ఆ హాల్లో పధ్నాలుగు మందీ సరిగ్గా ఇట్లాగే నవ్వారు. కిష్టమ్మ చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా లేచి బస్టాండుకు వచ్చేసింది. ఇప్పుడు మొగుడు నవ్వుతుంటే ఆమె ముఖం చిన్నబోయింది. కోపం కంటే అది చూడ్డమే నిరోషకు కష్టమైంది.

నవ్వినవాళ్ళకేం తెలుసు. కిష్టమ్మ పద్దెనిమిదేళ్ళుగా గుంపు మేస్త్రి. సీడు పత్తి చేలకు ఆడవాళ్ళను వెంటబెట్టుకుపోయి పని చేయించే మనిషి. ఆ చేలలో మరుసటి రోజు విచ్చుకునే మొగ్గను ముందునాటి సాయంత్రమే గోటితో గిల్లి, లోపలి పుప్పొడి తీసేస్తారు. తెల్లారి మగపూవు తెచ్చి దానికి రుద్దుతారు. ఎండ ముదిరే లోపల చేనంతా అయిపోవాలి. పూవు ఎవరి కోసమూ ఆగదు. గుంపులో మాట ఆగిందంటే చేతులు ఆగినట్టు, చేతులు ఆగాయంటే మేస్త్రి నిద్రపోతున్నట్టు. అటువంటి మనిషిని పట్టుకుని, అడిగి ఊరుకో, ఐదు లెక్కపెట్టు అంటే ఎక్కడ్నుంచి వస్తుంది.

ఫోను మోగింది. కిష్టమ్మ ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే వేడెక్కుతుందని.

"కిష్టమ్మా, నేను కురుమూర్తిని. నిన్న గుంపును సుభద్రమ్మ తోలుకొచ్చింది గని, సగం మొగ్గలు ఇడిసిపెట్టిండ్రు. ఇయ్యాలన్న వస్తున్నవా?"

"వస్తున్న అన్నా. బయలెల్లిన."

"మంచిది. నీకెందుకు ఆ పాఠాలు గీఠాలు." కురుమూర్తి గొంతులో వెటకారం లేదు, నిజంగానే అన్నాడు. "ఇంకొకటి. మీ కోడలి సెంటరు మూతపడ్తదంట గద. ఊర్ల అంటుండ్రు. గట్లయితే ఆ పోరగాండ్లు సాయంత్రం ఖాళీయే. జర గుంపుల కలుపుకో. చిన్న వేళ్ళు, మొగ్గకు మంచిగ పోతయ్. నీ కొడుకు చేస్తుండె గద ఆనాడు, ఎంత సాఫుగ చేస్తుండె."

నిరోష చెయ్యి డబ్బా మీద ఆగిపోయింది. వెంకటన్న నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

ఆ చేల ఆసామి కురుమూర్తి చెడ్డవాడేం కాదు. కిష్టమ్మ జ్వరంతో పడుకుంటే కారులో గద్వాల దవాఖానకు తీసుకుపోయినవాడు. ఆ మాట కూడా చేనుకు నీళ్ళు పెట్టే సంగతి చెప్పినంత మామూలుగా అన్నాడు. అందుకే అది కిష్టమ్మకు ఎక్కడో తగిలింది.

"ఇనవడ్తున్నదా?" అన్నాడు కురుమూర్తి.

"ఇనవడ్డది అన్నా. ఇయ్యాల గూడ సుభద్రమ్మనే తోలుకొస్తది. నాకు వనపర్తిల పనున్నది."

ఫోను పెట్టేసి ఒడిగుడ్డ విప్పింది. మంచం మీది చీర తీసి ఒక్క దులుపు దులిపింది. దువ్వెన కోసం అద్దం వెనక చెయ్యి పెడితే ఒక కాగితం జారి పడింది. ఓపెన్ స్కూలు పదో తరగతి ఫారం. రెండు నెలల కింద నిరోష మొగుడి కోసం తెచ్చింది. యేసుబాబు కొత్తకోటలో లారీ మెకానిక్కు. చూద్దాం తియ్ అని అతను అద్దం వెనక పెట్టాడు, అది అక్కడే ఉంది.

"ఇదింకా ఈడ్నే ఉన్నదా?" కిష్టమ్మ దాన్ని మళ్ళీ దోపింది. "వాడు చిన్నప్పుడే బడి వద్దన్నోడు, ఇప్పుడేం చదువుతడు. వానికి చదువు మీద పానం లేకుండె."

వెంకటన్న ఏదో అనబోయి, ఖాళీ గ్లాసు ఎత్తి మళ్ళీ తాగాడు.

"నీ మీద కోపం పోయిందనుకోకు," అంది కిష్టమ్మ కోడలితో, కొంగు సర్దుకుంటూ.

"అనుకోను అత్తా."

"పులిహోరల పల్లీలేసినవా?"

"ఏసిన."

"ఆఁ. నడువు."

*

బస్సులో కిటికీ సీటు అత్తకే ఇచ్చింది నిరోష. కిష్టమ్మకు బస్సు పడదు. బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ మీది వంతెనెక్కింది. వంతెన మీద కిష్టమ్మ అలవాటుగా చేతులు జోడించింది, ఒడ్డు మీది గుడికో నదికో ఆమెకే తెలియదు. ఆదివారం చర్చికి పోయే మనిషే, నది మీద మాత్రం చేతులు వాటంతట అవే లేస్తాయి.

"ఐదు లెక్కపెడితే ఏమొస్తదే?" అంది ఉన్నట్టుండి. "పొద్దు పోవుడు తప్ప."

నిరోష ఇటు జరిగింది. "మూడో తరగతి చరణ్ ఉన్నడు గద అత్తా. ఏమడిగినా నేల చూస్తడు. నాలుగు నెలలు గట్లనే. వానికి రాదనుకొని పక్కోన్ని అడుగుతుంటి. ట్రైనింగ్ అయినంక ఒకనాడు అడిగి ఊకున్న. నాలుగు కాంగనె చెప్పిండు. మొత్తం ఎక్కం. వానికి రాక కాదు. వాడు నోరు తెరిచేటాల్లకు నేను పక్కకు పోతుంటి."

కిష్టమ్మ కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది.

"నిన్ను అడగకుండ నీ పేరు రాసుడు తప్పే అత్తా," అంది నిరోష మెల్లగా.

"అడుగుతే ఏమంటుంటినో."

"వద్దంటుంటివి."

"ఇగో, చూడు. మళ్ళ నువ్వే చెప్పవడ్తివి. పెద్ద ట్రైనింగ్ అయినదానివి."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వు ముందు కోడలికి వచ్చిందో, అత్తకు వచ్చిందో. కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. పెబ్బేరులో దిగి వనపర్తి బస్సెక్కే దాకా ఆ నవ్వు వాళ్ళతోనే ఉంది.

*

శిక్షణ జరిగేది వనపర్తిలో ఒక పుస్తకాల దుకాణం పై అంతస్తులో. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఊళ్ళ నుంచి వచ్చిన పధ్నాలుగు మంది. అందరూ ఇరవై, పాతికేళ్ళ పిల్లలే. చెప్పే ఉమారాణి మేడానికి ఉపన్యాసం అంటే గిట్టదు. పది నిమిషాలు తను చేసి చూపిస్తుంది, గంటసేపు వాళ్ళతో చేయిస్తుంది, ఇంటికి పంపిస్తుంది. ఒక పని చేతికి వచ్చే దాకా ఇంకోదాని జోలికి పోదు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. పరీక్ష ఉంటే చదివి రాస్తారు, పిల్లల ముందు మరిచిపోతారు అంటుంది.

కిష్టమ్మ మెట్ల మీదే ఆగింది. లోపల మాటలు వినిపిస్తున్నాయి. కాళ్ళు కదల్లేదు.

"నువ్వు పో, నేను జర గాలి పీల్చుకొని వస్త."

"నేను గూడ పీలుస్త," అంది నిరోష, పక్కన నిలబడి.

అంతలో ఉమారాణి గుమ్మంలోకి వచ్చింది. "కిష్టమ్మక్కా, రా. నీ కోసమే చూస్తున్న." అంతే. నిన్నటి మాట ఎత్తలేదు.

సుహాసిని పక్కకు జరిగి చాప మీద చోటిచ్చింది. కిష్టమ్మ కూర్చుని, కాసేపు ఆ పిల్ల భుజం వైపు చూసింది.

"నొస్తున్నదా బిడ్డా?"

"లే పెద్దమ్మా. నిన్న నవ్వినంక మాకే మంచిగనిపియ్యలే."

నిన్న పని చేతికి రానివాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళతోనే మొదలుపెట్టింది ఉమారాణి. మిగతా ఇద్దరిదీ తొందరగానే అయిపోయింది. కిష్టమ్మ వంతు వచ్చింది. ఎదురుగా నలుగురు పిల్లల్లా కూర్చున్నారు. నిరోష గోడకు ఆనుకుని కూర్చుంది, అత్త కంటే ఎక్కువగా తనకే చెమటలు పడుతున్నాయి.

"ఇయ్యాల ఏం తిన్నరు?" అడిగింది కిష్టమ్మ.

ఒకటి. రెండు. పెదవులు విడిపడ్డాయి. "అన్నమే తిని..."

ఉమారాణి అరచెయ్యి ఎత్తి చూపింది, అంతే. కోపం లేదు, నవ్వు లేదు. "మళ్ళా చేద్దాం."

మళ్ళీ. ఈసారి మూడు దాకా వచ్చి, "చెప్పుండ్రి మరి" అనేసింది. ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం కిష్టమ్మకు ఇంకా ఇబ్బందిగా ఉంది.

"నాతోని కాదు మేడం. నోరు మూసుకుంటే నా చేతులకు పని లేనట్టనిపిస్తది. పానం కొట్టుకుంటది."

ఉమారాణి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "నోరు మూసుకోమన్నం గని చేతులు ముడుచుకోమని ఎవరన్నరు అక్కా? చేతులను వాటి పని చెయ్యనియ్యి."

కిష్టమ్మ తన చేతుల వైపు చూసుకుంది. గోళ్ళ చివర పచ్చటి మరక, ఎన్ని కడిగినా పోనిది. మళ్ళీ ఎదురుగా ఉన్న సుహాసిని వైపు తిరిగింది.

"నిన్న ఇంటికి పోయినంక ఏం చేసినవ్ బిడ్డా?"

అడిగింది. కుడిచేతి రెండు వేళ్ళ మధ్య లేని పూవు ఒకటి వచ్చి నిలిచింది. ఎడమచేతి బొటనవేలి కొన మీద దాన్ని మెత్తగా రుద్దింది. అక్కడ్నుంచి చూపుడువేలికి. చేనులో ఒక మగపూవు ఐదు పూలకు వస్తుంది, ఆరో దానికి రాదు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె చేతులకు ఆ లెక్క తప్ప వేరే లెక్క లేదు. తొందరపడి రుద్దితే పూవు విరుగుతుంది, కాయ కాదు. నడిమివేలు. ఉంగరంవేలు.

సుహాసిని నోరు తెరిచింది. "అమ్మ హైదరాబాదుల పనికి పోయింది పెద్దమ్మా, నెలయితున్నది. తాళం తీసి, లైటేసి, ఊకెనే కూసున్న. అన్నం వండబుద్ధి కాలే."

అది నటన కాదని అందరికీ అర్థమైంది. ఆ పిల్లకు కూడా చెప్పాకే తెలిసినట్టుంది, తల దించుకుంది. కిష్టమ్మ లేని పూవును చిటికెనవేలి దాకా తీసుకుపోయి, అప్పుడు చెయ్యి చాపి ఆ పిల్ల భుజం మీద వేసింది. నిన్న చరిచిన భుజమే.

"మధ్యాన్నం నా డబ్బాల తిందువు గని. పల్లీలేసిన పులిహోర."

నిరోష కళ్ళు తుడుచుకుంది. ఇంత కష్టపడి తెచ్చిన అత్త మీద ఆమెకు ఎంత ప్రేమ వచ్చిందంటే, లేచి పోయి పట్టుకుంటే బాగుండదని గోడకు ఇంకా గట్టిగా ఆనుకుంది.

ఉమారాణి పొగడలేదు. "ఇప్పుడు చేతులతో ఏం చేసినవో అందరికీ చూపియ్యి అక్కా," అంది. కిష్టమ్మ చూపించింది. పధ్నాలుగు మంది టీచర్లు కుడిచేతిలో లేని పూవు పట్టుకుని ఎడమచేతి వేళ్ళ మీద ఒక్కొక్కటిగా రుద్దుతూ కూర్చున్నారు. ఒకమ్మాయి గబగబా రుద్దితే, "గట్ల కాదు, ఇరుగుతది" అని కిష్టమ్మ మేస్త్రి గొంతుతో అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

వెళ్ళేముందు ఉమారాణి ఇంటిపని చెప్పింది. "ఇంట్ల ఎవరినన్న ఒక్కరిని ఒక్క ప్రశ్న అడగాలె. ఐదు లెక్కపెట్టాలె. జవాబు మీకు ముందే తెల్సు అనుకునే ప్రశ్న అడగుండ్రి. రేపు వచ్చి ఏం విన్నరో చెప్పాలె. అది చెప్తేనే మూడో పూట అయినట్టు."

*

మానవపాడు చేరేసరికి నాలుగు దాటింది. నిరోష అట్నుంచి అటే సెంటరుకు పోయింది. కిష్టమ్మ ఇల్లు చేరి, ఇంటిపని తొందరగా తెమల్చుకుందామని మొగుణ్ణి పట్టుకుంది.

"మోకాలు నొస్తున్నదా?"

"నొస్తున్నది," అన్నాడు వెంకటన్న, ఆమె మొదటి వేలు ముట్టేలోపే.

"గంత తొందరెందుకయ్యా నీకు. జర ఆగి చెప్పొద్దా?"

"నొప్పి ఆగుతదా?"

కిష్టమ్మ విసుక్కుని ఇంకో ప్రశ్న వేసింది. దానికీ అట్లాగే చెప్పాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె అడిగాక సందు దొరకదని ఆ మనిషి తొందరగా చెప్పడం నేర్చుకున్నాడు. ఈ సంగతి ఆయన చెప్పలేదు, ఆమెకే మెల్లగా తట్టింది. తట్టి, ముఖం ఒకలా పెట్టుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

పొద్దు వాలే వేళకు యేసుబాబు బండి చప్పుడు వినిపించింది. వారం మధ్యలో రాని మనిషి. నిన్న నిరోష ఫోన్లో ఏడ్చినంత పని చేసిందని సెలవు పెట్టుకుని వచ్చాడు. చేతిలో మిర్చిబజ్జీల పొట్లం.

"కోపం దిగిందా అమ్మా?"

"ఎవరికి కోపం? బజ్జీలు సల్లారుతయ్, చేతులు కడుక్కో."

సెంటరు నుంచి నిరోష కూడా అప్పుడే వచ్చింది. యేసుబాబు డ్రమ్ము దగ్గర గొంతుక్కూర్చుని సబ్బుపొడితో చేతులు రుద్దుకుంటున్నాడు. గోళ్ళ చివర నల్లటి గ్రీసు. ఎన్ని కడిగినా పోనిది. కిష్టమ్మ చెంబుతో నీళ్ళు పోస్తూ ఆ గోళ్ళ వైపు చూసింది.

"కురుమూర్తన్న పొద్దుగాల నిన్ను యాది చేసిండు. ఎంత సాఫుగ చేస్తుండెనో అన్నడు."

"ఆఁ," అన్నాడు యేసుబాబు.

"ఆరో తరగతిల బడి నువ్వే వద్దంటివి గద బిడ్డా."

ఈ మాట ఆమె పదహారేళ్ళుగా అంటోంది. ఇంటికి వచ్చి అడిగిన సారుకు చెప్పింది. చుట్టాలకు చెప్పింది. పెళ్ళిచూపుల్లో నిరోష వాళ్ళకు చెప్పింది. వెనకే 'వానికి చదువు మీద పానం లేకుండె' అనే మాట కూడా వస్తుంది, దాని జతే అది. ఇప్పుడూ నాలుక చివరి దాకా వచ్చింది. ఇంటిపని గుర్తొచ్చింది. చెంబు కింద పెట్టింది.

బొటనవేలు. యేసుబాబు చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు.

చూపుడువేలు. వెంకటన్న గడప మీద కదిలాడు.

నడిమివేలు. నురగ నేల మీదికి జారింది. యేసుబాబు చేతులు ఆగాయి.

ఉంగరంవేలు.

చిటికెనవేలు.

"నేను వద్దనలే అమ్మా," అన్నాడు.

తల ఎత్తలేదు. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. "నువ్వు అడిగినవ్, బడికి పోతవా, చేనుకొస్తవా అని. నేను నోరు తెరిచేటాల్లకు నువ్వే నాయినతోని అన్నవ్, వానికి చదువు మీద పానం లేదు, వద్దంటున్నడు అని. నేను అననే లే. నువ్వంటే అయుంటదిలే అనుకున్న."

కిష్టమ్మ మొగుడి వైపు చూసింది. వెంకటన్న నేల వైపు చూస్తున్నాడు. ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. ఆమె చెప్పనిస్తే కదా.

ఆ రోజు కిష్టమ్మ అబద్ధం చెప్పలేదు. నిజంగానే వాడు వద్దన్నాడని అనుకుంది. సాయంత్రం మొగ్గలు, తెల్లారితే పూలు, వాడి చిన్న వేళ్ళు. పొద్దు పోతోంది, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, ఆమె చెప్పేసింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఏడ్వకమ్మా. అయిపోయిందాన్ని ఇప్పుడేంది," అన్నాడు యేసుబాబు, తడి చేతులతో ఆమె కాలిని ముట్టుకుని. "నేను మంచిగనే ఉన్న గద."

ఆమె లేచి లోపలికి పోయింది. అద్దం వెనక నుంచి ఫారం తీసుకుని వచ్చింది. మడతలు సాపుచేసి, కొడుకు ఎదురుగా తనూ గొంతుక్కూర్చుంది. ఇరవై ఏడేళ్ళ మనిషి ముందు, పదకొండేళ్ళ పిల్లాడి ముందు కూర్చున్నట్టు.

"ఇప్పుడడుగుతున్న. చదువుకుంటవా బిడ్డా?"

"అమ్మా, గదిప్పుడు..." అని యేసుబాబు ఆగిపోయాడు.

నిరోష ఏదో అందామని ఒక అడుగు ముందుకు వేసింది. కిష్టమ్మ అటు చూడకుండానే అరచెయ్యి ఎత్తింది, పొద్దున ఉమారాణి ఎత్తినట్టే. నిరోష నిలబడిపోయింది.

కాగితం ఒళ్ళో పెట్టుకుని కిష్టమ్మ మొదలుపెట్టింది. ఒకటి. రెండు. యేసుబాబు ఫారం వైపు చూశాడు, తన గోళ్ళ వైపు చూసుకున్నాడు. మూడు. గోటి చివర గ్రీసును వేలితో గీకాడు. నాలుగు. ఐదు.

వాడు చెప్పలేదు. వాడి తరఫున ఆమె కూడా చెప్పలేదు.

మగపూవు ఐదింటికే వస్తుంది. కిష్టమ్మ లేని పూవును పక్కన పడేసి, ఇంకొకటి తీసుకుని, మళ్ళీ బొటనవేలి నుంచి మొదలుపెట్టింది.